మా ఇంటి కొండపల్లి బొమ్మ

సంక్రాంతి పది రోజులుందనగానే మా ఇంట్లో కత్తెర మాయమవుతుంది. వెతగ్గా వెతగ్గా దొరికినా అది తెగదు. జిగురు సీసా మూత రాదు. నేను పళ్ళతో లాగుతూంటే మావారు పేపరులోంచి తల ఎత్తకుండానే, "హాయిగా ఆన్‌లైన్‌లో తెప్పించుకోక ఎందుకొచ్చిన తాపత్రయం చెప్పు!" అంటారు.

కిందటేడు ఆయన మాట విన్నాను. ఎనిమిది వందలు పోసి ప్లాస్టిక్ బంతిపూల దండలు, మెరుపు తెరలు తెప్పించాను. అందంగానే ఉన్నాయి, లేవనను. కానీ మూడు రోజులూ కొలువు వంక చూసినప్పుడల్లా ఎవరి పెళ్ళిపందిట్లోనో మా బొమ్మలు దారి తప్పి కూర్చున్నట్టనిపించింది.

అంచేత ఈ ఏడు ఎవరి మాటా వినదలచుకోలేదు. గాలిపటాల కాగితాలు నాలుగు రంగుల్లో, ఒక బంగారు కాగితం, చమ్కీ పొట్లం, దారపుండ. నూటయాభై రూపాయలు దాటలేదు. జిగురు కొనలేదు. రెండు చెంచాల మైదా గ్లాసుడు నీళ్ళలో ఉండ కట్టకుండా కలిపి, సన్నసెగ మీద తిప్పుతూ ఉంటే అదే జిగురవుతుంది. మా అమ్మ అందులో చిటికెడు మైలుతుత్తం వేసేది, పురుగు పట్టకుండా. అది విషం కదా, మేము వేళ్ళు నోట్లో పెట్టుకుంటామేమోనని జిగురు పని అయ్యేదాకా మా పక్కనుంచి కదిలేది కాదు. నేను తుత్తం వెయ్యలేదు లెండి. ఫ్రిజ్‌లో పెట్టుకున్నాను.

తోరణం చెయ్యడం పెద్ద విద్యేం కాదు. కాగితాన్ని పొడుగ్గా నాలుగు మడతలు వేసి, ఇటునుంచి ఒక గాటు, అటునుంచి ఒక గాటు, అవతలి అంచు తెగకుండా వరసగా కత్తిరించుకుంటూ పోవాలి. మెల్లిగా విప్పి లాగితే వలలా జారుతుంది. మా అమ్మాయి మొదటి రెండూ తెంపేసింది. మూడోది సాగేసరికి దాని కళ్ళు చూడాలి! ట్రంకు పెట్టెలూ, బల్లలూ పేర్చి అయిదు మెట్లు కట్టి, పైన మావారి తెల్లపంచె పరిచాం. వారం ముందే పళ్ళెంలో మట్టి పోసి ఆవాలు చల్లాను కనక భోగినాటికి పచ్చటి తోట తయారైంది. మధ్యలో అద్దం ముక్క పెడితే చెరువు.

"ఇవన్నీ నీకెవరు నేర్పారమ్మా?" అంది అమ్మాయి.

మా అమ్మ ఆ గదిలోనే మడతకుర్చీలో కూర్చునుంది. డెబ్భై నాలుగేళ్ళు. చేతులు వణుకుతాయి కనక కత్తెర పట్టదు. పెత్తనం మాత్రం వదల్లేదు. నేను అమ్మ వంక చూశాను గాని జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే అప్పుడే బొమ్మల పెట్టె అడుగున పాత జరీ గుడ్డలో చుట్టిన మూట ఒకటి నా చేతికి తగిలింది.

1990 సంక్రాంతి. తెనాలిలో అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. నాకు పదేళ్ళు. కొలువులో ఏటా ఒక్క కొత్త బొమ్మయినా పెట్టాలన్నది మా ఇంటి పట్టింపు. ఆ ఏడు తాతయ్య ఆపరేషనుకి నాన్న అప్పు చేశారు. బొమ్మ మాట ఎత్తే పరిస్థితి లేదు. అమ్మ ఏం చేసిందంటే, పాత పేపర్లు ముక్కలు చేసి రెండు రోజులు నానబెట్టింది. నానిన మెంతులు వేసి రోట్లో మెత్తగా రుబ్బింది. ఆ గుజ్జుని ఖాళీ పౌడరు డబ్బా చుట్టూ అద్ది, ఎండబెట్టి, చల్ల చిలికే గొల్లభామని చేసింది. ఒంటికి పసుపు, కళ్ళకి కాటుక, నల్లదారం జడ, చీపురుపుల్ల కవ్వం, తన పెళ్ళినాటి జాకెట్టులోంచి కత్తిరించిన చీర. ఆ నాలుగు రోజులూ మా చేతులు, మంచాలు, ఆఖరికి కాఫీ కూడా మెంతుల వాసనే.

పేరంటానికి ఎదురింటి ప్లీడరుగారి భార్య, వాళ్ళమ్మాయి వచ్చారు. ఆ అమ్మాయి నా క్లాసే. వాళ్ళింట్లో తొమ్మిది మెట్ల కొలువు. అది గొల్లభామ దగ్గర ఆగి, "ఇదేమిటీ?" అంది. ఆ 'ఏమిటీ'లో ఏముందో ఆడపిల్లలుగా పెరిగిన మీకు నేను చెప్పక్కర్లేదు. నా నోటివెంట టక్కున వచ్చేసింది.

"మా మావయ్య కొండపల్లి నుంచి తెచ్చాడు."

ప్లీడరుగారి భార్య బొమ్మని చేతిలోకి తీసుకుంది. నా గుండె ఆగింది. కాగితపు బొమ్మ బరువెంత ఉంటుంది? కానీ కొండపల్లివాళ్ళు వాడే తెల్లపొణికి కర్ర కూడా తేలికే. అదే నన్ను కాచింది. "బాగుంది. ఎంతయిందమ్మా?" అందావిడ నా వెనక్కి చూస్తూ.

వెనక అమ్మ, శనగల పళ్ళెంతో. అంతా వింది.

"మా తమ్ముడు ఖరీదు చెప్పడండీ" అంది నవ్వుతూ.

రాత్రి దెబ్బలు తప్పవనుకున్నాను. కొలువు ఎత్తే ముందు రాత్రి ఒక బొమ్మని పడుకోబెట్టడం మా ఆనవాయితీ. అమ్మ గొల్లభామనే తీసి పడుకోబెట్టి, గుడ్డ కప్పి, "కొండపల్లి నుంచి వచ్చి అలిసిపోయింది పాపం" అంది. అంతే. ఇంకో మాట లేదు. కొట్టినా బాగుండేది.

మరుసటేడు ఎలా కూడబెట్టిందో, నిజం కొండపల్లి బొమ్మే కొనిపెట్టింది. గొల్లభామ మళ్ళీ మెట్టెక్కలేదు. ఎందుకు పెట్టలేదని నేను అడగలేదు. ముప్పయ్యయిదేళ్ళ పైమాటే అయినా అడగలేదు. అడిగే మొహం ఉండాలిగా!

ఈ ఏడు దాన్ని పై మెట్టు మీద పెట్టాను. పసుపు వెలిసింది. కవ్వం విరిగితే మా అమ్మాయి కొత్త పుల్ల అతికించింది. పేరంటానికి వచ్చిన మూడో అంతస్తు ఆవిడ సరిగ్గా దాని ముందే ఆగి, "భలే ఉందండీ, కొండపల్లిదా?" అంది.

గొంతు సవరించుకున్నాను. "కాదండీ. మా అమ్మ చేసింది. పాత పేపర్లూ, మెంతులూ రుబ్బి." ఇంతే కదా, నాలుగు మాటలు. అవి అనేసరికి నా అరచేతులు చెమట పట్టాయి.

కుర్చీలోంచి అమ్మ అంది: "అదేమిటే! మీ మావయ్య కదుటే కొండపల్లి నుంచి తెచ్చాడూ?"

అందరూ నవ్వారు. పెద్దవాళ్ళు, మరపు సహజం అన్నట్టు చూశారు. నేనూ నవ్వానుగాని, లోపల గుండె గుబుక్కుమంది. నిజంగానే మరిచిపోయిందా? అయితే నేను అడగవలసిన మాట ఇక ఎవర్నడగాలి?

కనుమ రాత్రి బొమ్మని పడుకోబెట్టబోతూంటే అమ్మ చెయ్యి చాపింది. "ఇలా ఇవ్వవే దాన్ని." వణికే చేతులతో తలకిందులు చేసి, అడుగున బొటనవేలితో తడిమి చూసింది.

"బీటవారింది. ఇంకో గుప్పెడు మెంతులు పడాల్సిందే ఆ ఏడు" అంది.