డార్జిలింగ్‌లో ఇంగువ డబ్బా

పెళ్లయిన ఇరవై ఆరేళ్లకి, మావారినీ పిల్లల్నీ ఇంట్లో వదిలి స్నేహితురాలితో డార్జిలింగ్ వెళ్లాను. బొమ్మ రైలు బతాసియా లూప్‌లో గుండ్రంగా తిరుగుతుంటే మావారి ఫోను. ఇంగువ డబ్బా ఎక్కడుందట! 7,407 అడుగుల ఎత్తున ఘుమ్ స్టేషన్లో దిగామో లేదో మళ్లీ ఫోను. ఈసారి మినప్పప్పు ఎంతసేపు నానాలని. విసుక్కున్నాను.

"నాకైతే ఎవరూ చెయ్యరే" అంది నవ్వుతూ. వాళ్లాయన పోయి రెండేళ్లు.

మర్నాడు చీకటితోనే టైగర్ హిల్ ఎక్కి, ఒకే శాలువా కప్పుకుని చూశాం, కాంచన్‌జంగ మీద ఎరుపెక్కడం. అదేం రంగో, చెప్పడం నావల్ల కాదు. మధ్యాహ్నం చౌరస్తా బెంచీ మీద కూర్చుంటే ఫోను మోగింది. దాని చేతికే ఇచ్చేశాను.

"అన్నయ్యగారూ, చారులో పోపు ఆఖర్న వెయ్యాలండీ..." అంటూ పావుగంట క్లాసు పీకింది!