వెనిస్ కట్టారు, వాడ కట్టలేదు

(అమెరికా ముచ్చట్లు – 6)

రెండో అంతస్తులో కాలవ పారుతుందంటే మా అమ్మ నమ్మలేదు. వీడియో కాల్‌లో చూపించాను. నీళ్లు, పడవ, చారల చొక్కా వేసుకుని పాట పాడుతూ పడవ నడిపే మనిషి, పైన నీలం ఆకాశం. "ఆకాశం కనపడతా ఉంటే రెండో అంతస్తంటావేందిరా" అంది. ఆ ఆకాశం కూడా రంగులేసిందేనమ్మా అన్నాను. కాసేపు ఊరుకుంది. "ఆ నీళ్లు తాగుతారా?" తాగరన్నాను. "మరెందుకూ?" అంది.

మా అమ్మ ప్రశ్న అర్థం కావాలంటే కారంచేడు గుర్తుండాలి. 1985 జూలై 17. మాదిగలు తాగే చెరువు నీళ్లలో గేదెల కుడితి బకెట్ కడగడం దగ్గర మొదలైంది గొడవ. అదేం పనని అడ్డుకున్న మున్నంగి సువార్త మీద చెయ్యి ఎత్తారు. మర్నాడు ఊరు పల్లె మీద పడింది. ఆరుగురు చచ్చిపోయారు. మిగిలిన వాళ్లు చీరాల పారిపోయి వచ్చారు. మాదీ ఆ చుట్టుపక్కల పల్లే. నీళ్లంటే మా ఇళ్లల్లో ఊరికే చూసి ఆనందించే సంగతి కాదు.

సరే, హోటల్ సంగతికి వస్తాను. లాస్ వెగాస్‌లో వెనీషియన్. మా అక్క కొడుకు కాలిఫోర్నియాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. "మావయ్యా, ఒక్కసారి చూడాలి" అని రెండు రాత్రులకి గది తీసుకున్నాడు. ఎంతైందో చెప్పలేదు. గది అద్దె కాక రిసార్ట్ ఫీజని ఇంకోటి కడతారని మాత్రం కౌంటర్ దగ్గర వినపడింది. గదంటే గది కాదు. పెద్ద మంచాలు, రెండు మెట్లు దిగితే సోఫాలు, బల్ల, ఇంకో టీవీ. మా ప్రభుత్వ కాలనీ ఇల్లు ఆ సోఫాల పల్లంలో పట్టేస్తుంది. లిఫ్టు దగ్గరికి పోవాలంటే జూదం మిషన్ల మధ్య నుంచే పోవాలి. గోడ గడియారం ఎక్కడా కనపడలేదు. జూదం గురించి ఇంతకన్నా రాయను, పేకాటలో పొలాలు పోగొట్టుకున్న ఆసాముల కథలు మీకందరికీ తెలుసు. మనకి పోగొట్టుకోను పొలాలూ లేవు.

నేను వెతికింది వేరే. వెనిస్‌ని దించారు కదా, ఏమేం దించారో చూద్దామని తిరిగాను. గంట గోపురం ఉంది. డోజ్ గారి మహలు ఉంది. రియాల్టో వంతెన ఉంది. సెయింట్ మార్క్ చౌకు ఉంది. ఘెట్టో లేదు.

ఘెట్టో అన్న మాట పుట్టిందే వెనిస్‌లో మిత్రులారా. 1516లో ఆ నగర పాలకులు యూదులందరూ ఒక చిన్న దీవిలోనే ఉండాలని శాసనం చేశారు. అంతకుముందు అక్కడ లోహం కరిగించి పోతపోసే కార్ఖానా ఉండేది. వాళ్ల భాషలో దాని పేరు 'జెత్తో'. ఘెట్టో దాన్నుంచే వచ్చిందని ఎక్కువమంది చెబుతారు. రాత్రయితే గేట్లకి తాళాలు. చుట్టూ కాలవల్లో కాపలా పడవలు. ఆ కాపలావాళ్ల జీతాలు ఎవరివ్వాలి? లోపలున్న యూదులే ఇవ్వాలి! బయట తిరిగేటప్పుడు గుర్తు తెలిసేలా రంగు టోపీ పెట్టుకోవాలి. జాగా పెంచరు కాబట్టి జనం పెరిగే కొద్దీ ఇంటి మీద ఇల్లు కట్టుకుంటూ ఆరేడు అంతస్తుల దాకా పోయారు. 1797లో నెపోలియన్ సైన్యం వచ్చాక గానీ ఆ గేట్లు పడలేదు. అంటే 281 ఏళ్లు. అదే నగరంలో వాళ్లు వైద్యం చెయ్యాలి, అప్పు ఇవ్వాలి, పన్ను కట్టాలి. పొద్దున పనికి రావాలి, పొద్దుగూకితే పోవాలి. ఎక్కడో విన్నట్టు లేదూ?

బాబాసాహెబ్ మన వాడలకి వాడిన మాట కూడా ఇదే. ఆయన పోయాక అచ్చయిన ఒక రచన పేరులోనే అంటరానివాళ్లు భారతదేశపు ఘెట్టో బిడ్డలని ఉంటుంది. మనకి తాళం ఉన్న గేటు కూడా అక్కర్లేకపోయింది. గాలి ఎటు వీస్తుందో చూసి ఇళ్లు కట్టించారు, ఊరి గాలి మన మీదికి రావచ్చు, మన గాలి ఊరి మీదికి పోకూడదని.

మరి వెగాస్‌కి వాడ లేదా అంటే, ఉంది. రైలు పట్టాలకి పడమట, వెస్ట్‌సైడ్. ఈ వెనీషియన్ ఉన్న చోటే 1952 నుంచి శాండ్స్ అనే హోటల్ ఉండేది. 1996లో దాన్ని కూల్చి, 1999లో దీన్ని తెరిచారు. 1950ల మొదట్లో ఆ రోడ్డు పొడుగునా పెద్ద హోటళ్లలో నల్లవాళ్లు పాడొచ్చు, ఆడొచ్చు, అంట్లు తోమొచ్చు. గది మాత్రం ఇవ్వరు. సామీ డేవిస్ జూనియర్ అంతటివాడు చప్పట్లు కొట్టించుకుని, నిద్రకి పట్టాలు దాటి వెస్ట్‌సైడ్‌లో అద్దె గదికి పోవాల్సి వచ్చింది. మన డప్పు ఊళ్ళోకి పోతుంది, డప్పు కొట్టినవాడు అరుగు ఎక్కకూడదు. అదీ ఇదీ ఒకటేనని నేననను. కానీ ఆ సంగతి చదివినప్పుడు మా తాత గుర్తొచ్చాడు.

రెండో రోజు పొద్దున మావాణ్ని నిద్ర లేపి వెస్ట్‌సైడ్ తీసుకెళ్లమన్నాను. "అక్కడేముంది మావయ్యా" అన్నాడు. బొనాంజా రోడ్డులో ఖాళీ స్థలం ఉంది. అక్కడ 1955 మే నెలలో మూలాన్ రూజ్ అనే హోటల్ తెరిచారు. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చోగలిగిన మొదటి కాసినో హోటల్ అది. దాని పేరు కూడా పారిస్ నుంచి తెచ్చుకున్నదే చూడండి! ఆ ఏడాది తిరక్కుండానే మూతపడింది. కానీ 1960 మార్చి 26న ఆ మూసేసిన హోటల్లోనే ఒప్పందం జరిగింది. జేమ్స్ మెక్‌మిలన్ అని పళ్ల డాక్టరు, అక్కడి నల్లవాళ్ల సంఘం నాయకుడు. వివక్ష ఆపకపోతే మీ హోటళ్ల ముందు ఊరేగింపు చేస్తామన్నాడు. లోకమంతా చూస్తే వ్యాపారం పోతుందని భయపడి యజమానులు తలుపులు తెరిచారు. హృదయ పరివర్తన అనే మాట మన గాంధేయవాదులకి ఇష్టం. ఇక్కడ పనిచేసింది గల్లాపెట్టె.

ఆ స్థలం ఎదురుగా కారాపి మావాడు చాలాసేపు కూర్చున్నాడు. ఫోన్ తియ్యలేదు. ఫొటో తియ్యలేదు.

మధ్యాహ్నం గది శుభ్రం చెయ్యడానికి ఒకావిడ వచ్చింది. గ్వాటెమాలా నుంచి వచ్చి చాలా ఏళ్లయిందట. మా అమ్మ ఇరవై ఏళ్లు మున్సిపాలిటీలో రోడ్లు ఊడ్చిందని చెప్పాను. బండి వదిలేసి నవ్వి, చొక్కాకి పెట్టుకున్న యూనియన్ బిళ్ళ చూపించింది. కలినరీ యూనియన్, లోకల్ 226. సుమారు 60 వేల మంది సభ్యులు. 1990లో ఆ యూనియన్‌కి అధ్యక్షురాలైన హ్యాటీ కాంటీ అలబామా నుంచి వచ్చిన నల్లజాతి స్త్రీ, హోటళ్లలో గదులు ఊడ్చిన మనిషి. ఆవిడ హయాంలో ఫ్రాంటియర్ హోటల్ దగ్గర మొదలైన సమ్మె 1991 నుంచి 1998 దాకా ఆరేళ్లు దాటి నడిచింది. 550 మందిలో ఒక్కరు కూడా గీత దాటి పనిలోకి పోలేదు. వెనీషియన్‌లో మాత్రం మొదటి యూనియన్ ఒప్పందం 2024లో వచ్చింది, తెరిచిన పాతికేళ్లకి. మన పారిశుద్ధ్య కాంట్రాక్టు తల్లులకి ఈ పేరా చదివి వినిపించండి.

ఇక అసలు విషయం. ఆ రాత్రి మావాడి ఆఫీసు తెలుగువాళ్లు నలుగురు అక్కడే దిగారని కలిసి భోజనానికి పోయాం. దారిలో మావాడు, "మావయ్యా, అడిగితే చీరాల టౌనని చెప్పు" అన్నాడు. కోప్పడలేదు నేను. సియాటెల్‌లో 2023లో కుల వివక్షని నిషేధిస్తూ చట్టం చేశారు. అదే ఏడాది కాలిఫోర్నియాలో శాసనసభ దాటిన బిల్లుని గవర్నర్ వీటో చేశాడు. వీడి ఉద్యోగం కాలిఫోర్నియాలో. వీసా ఉద్యోగం మీద. ఆ బల్ల దగ్గర కూర్చున్న నలుగురిలో ఒకాయన వీడి పై అధికారి. నా కులం నేను మైకులో చెప్పుకుంటాను. వాడిది చెప్పే హక్కు నాకెక్కడిది?

అన్నం తింటూ అడిగారు. "మీదే ఊరండీ?" చీరాల దగ్గర అన్నాను. "ఓ, మాదీ అటే. చీరాల దగ్గరంటే ఏ ఊరు?" చెప్పాను. "ఆ ఊళ్ళో మా చుట్టాలున్నారు. మీ ఇల్లు ఊళ్ళో ఎటువైపు?"

ఈ ప్రశ్న మీకు తెలుసు. దాదాపు పద్నాలుగు వేల కిలోమీటర్లు దాటొచ్చినా అక్షరం అరగలేదు. నేను మంచినీళ్ల గ్లాసు అందుకున్నాను. మావాడు పళ్లెంలోకి చూస్తున్నాడు. ఒక నిమిషమేమో. తర్వాత తలెత్తి, "మావయ్య ఫేస్‌బుక్‌లో పెద్ద పెద్ద వ్యాసాలు రాస్తాడండీ. మీకు లింకు పంపిస్తాను, చదవండి. అందులో అన్నీ ఉంటాయి" అన్నాడు. అక్కడే, ఆ బల్ల దగ్గరే, నలుగురికీ పంపించాడు. నాలుగు ఫోన్లూ ఒకదాని తర్వాత ఒకటి మోగాయి.

ఈ భాగం వాడికి చూపించాకే పెడుతున్నాను. "పెట్టు మావయ్యా" అన్నాడు.

కాబట్టి ఆ పెద్దమనిషికి: బాబూ, ఆ రోజు బిల్లు మీరే కట్టారు, కృతజ్ఞతలు. మీరడిగిన దానికి జవాబు బాకీ ఉంది. మా ఇల్లు ఊళ్ళో కాదండీ. ఊరికి తూర్పున, చెరువు కట్ట దిగాక, మాదిగపల్లెలో మూడో వీధి. ఈసారి మీ చుట్టాల ఇంటికొచ్చినప్పుడు రండి. మా అమ్మ ఇంట్లోనే ఉంటుంది, మంచినీళ్లిస్తుంది.

జై భీమ్.

(వచ్చే ఆదివారం ఏడో భాగం)