నడకకి కత్తెందుకు?

“నడకకి కత్తెందుకమ్మాయ్?” అనడిగాడు కమ్మరి తాత. మా అమ్మమ్మగారి ఊళ్ళో కొలిమి ఇంకా ఆరిపోని ఇల్లు ఆయనదొక్కటే. కొబ్బరికాయలకైతే ఒక బరువు, మాంసానికైతే ఒక వెడల్పు, తాటిగీతకైతే ఒక పదును. పని చెబితే తప్ప ఆయన చెయ్యి ఆడదు. “కొండలెక్కేటప్పుడు దగ్గరుంచుకోడానికి తాతా” అన్నాను. కాసేపు నా మొహంలోకి చూసి, గొంతు తగ్గించి, “ఎవడన్నా ఎంటపడతన్నాడా?” అన్నాడు.

అదే మొదలు. ఆ తర్వాత ఈ ప్రశ్నని ఎంతమంది ఎన్ని గొంతులతో అడిగారో! సహోద్యోగులు నవ్వుతూ, మా అన్నయ్య కోపంగా, ఒక సాహిత్య సభలో పక్కన కూర్చున్న పెద్దావిడ కాస్త అసూయగా.

తాత పాత లారీ కమాను పట్టీ ముక్కని ఎర్రగా కాల్చి, సాగగొట్టి, నూనెలో ముంచి తీసి కత్తి చేశాడు. నాలుగున్నర అంగుళాల పొడవు, అంగుళం వెడల్పు. ఇనుము పిడి చివరిదాకా వెళ్తుంది. దానికి రెండు పక్కలా తుమ్మచెక్క వేసి మేకులు దిగగొట్టాడు. పూర్తయ్యాక నా చేతికివ్వలేదు. నేలమీద పెట్టి తీసుకోమన్నాడు. చేతికిస్తే తగువులొస్తాయట.

అంతకుముందు నా దగ్గర ఒక మడత కత్తి ఉండేది. చూడ్డానికి ముచ్చటగా, మర్యాదగా, హ్యాండ్‌బ్యాగులో ఇమిడిపోయేది. దాని కీలులో ఇసుక చేరేది. ఓసారి వెదురు చీలుస్తుంటే గభాల్న మడతపడి నా చూపుడు వేలిమీదే మూసుకుంది. మూడు కుట్లు. మడవని కత్తికి ఆ మోసం లేదు. కాకపోతే దాన్ని దాచడం కుదరదు. ఒరలో పెట్టి నడుముకి తగిలించుకోవాల్సిందే, ఎదుటివాళ్ళకి కనిపించాల్సిందే. తేడా అంతా అక్కడే ఉందని అప్పటికి నాకు తెలీదు.

అసలు మడవని కత్తి మన ఇళ్ళకి కొత్తా? మా ఇంట్లో కత్తిపీట ఉండేది. అందులో కత్తి కదలదు, వంకాయే దాని దగ్గరకి వెళ్తుంది. పీటని కాలితో తొక్కిపట్టి అమ్మ రోజుకి రెండుపూటలా దాని ముందు కూర్చునేది. చేప తెచ్చిన రోజు మరీ ఎక్కువసేపు. ఎందుకూ అని ఎవరూ అడగలేదు. దసరాకి దానికి పసుపూ కుంకుమా పెట్టేవాళ్ళం. నేను బాలింతగా ఉన్నప్పుడు గాలీ ధూళీ సోకకుండా అమ్మ నా తలగడ కింద ఒక కత్తి పెట్టింది. అంటే ఇంట్లో ఉన్నంతసేపూ ఆడదాని చేతికీ కాలికీ తలకీ కత్తి దగ్గరే ఉంటుంది. గడప దాటితేనే దానికి సంజాయిషీ కావాలి.

చట్టం కూడా ఇంచుమించు ఇదే మాట అంటుందని తర్వాత చదివి తెలుసుకున్నాను. 1959 ఆయుధాల చట్టం పదునైన సాధనాల్ని ఆయుధాలంటూనే, కేవలం ఇంటిపనికీ వ్యవసాయానికీ చేసినవాటిని మినహాయించింది. 2016 నిబంధనల్లో తొమ్మిది అంగుళాలకి మించిన పొడవు లేదా రెండంగుళాలకి మించిన వెడల్పు ఉన్న కత్తుల ప్రస్తావన ఉంది, ఇంటిపనికి చేసినవాటికి అక్కడా మినహాయింపే. నా కత్తి ఆ కొలతల దరిదాపుల్లోకి రాదు. అయినా ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. కత్తిపీట ఎంత పెద్దదైనా ఆయుధం కాదు, ఎందుకంటే అది వంటింటిది. మినహాయింపు కత్తికా, మనకా?

ఇక కత్తితో నేనేం చేస్తానంటే, చెప్పుకోడానికి పెద్దగా ఏమీ ఉండదు. జామకాయ కోస్తాను. తాడు తెంపుతాను. బూటు అడుగు ఊడితే కట్టుకోడానికి నార చీలుస్తాను. పైన తడిసిన పుల్లని చెక్కితే లోపల పొడిగా ఉంటుందని, రాత్రి బస చేసిన ఊళ్ళో పొయ్యి ముట్టించడానికి ఆ పొట్టు చాలని నేర్చుకున్నాను. కోసేటప్పుడు వాదర మనవైపు ఉండకూడదు. ఒళ్ళో పెట్టుకుని అసలు కోయకూడదు, తొడ లోపలివైపు పెద్ద రక్తనాళం ఉంటుంది. కూర్చుని, మోచేతులు మోకాళ్ళమీద ఆన్చి, చేతులు ముందుకి చాచి కోయాలి. ఇంటికొచ్చాక తుడిచి, సానరాయిమీద నూరి, చుక్క కొబ్బరినూనె రాయాలి, లేకపోతే వారంలో తుప్పు. నాలుగేళ్ళలో ఆ కత్తి గాయపరిచిన మనిషిని నేనొక్కదాన్నే, బొటనవేలి మీద, రెండుసార్లు.

ఎలుగుబంటి వస్తేనో అంటారు. ఎలుగుబంటికి నాలుగున్నర అంగుళాలు ఏం లెక్క! 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడిలో ఆరేళ్ళ పాప చనిపోయాక దేవస్థానం వాళ్ళు నడిచివెళ్ళే భక్తులకి చేతికర్రలిచ్చారు. అప్పుడందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. కర్ర కనీసం దూరాన్ని ఇస్తుంది. కత్తి పనికిరావాలంటే ఎదుటిది మీదికి రావాలి.

అయినా ఈ ప్రశ్నలు ఎలుగుబంట్ల గురించి కావని అడిగేవాళ్ళకీ తెలుసు, నాకూ తెలుసు. ఢిల్లీ సంఘటన జరిగిన నెలకే, 2013 జనవరిలో, ముంబైలో శివసేన స్త్రీలకి చిన్న కత్తులు పంచింది. 2014 జనవరిలో కాన్పూరులోని ప్రభుత్వ కర్మాగారం ‘నిర్భీక్’ పేరుతో ఆడవాళ్ళ కోసమంటూ తేలికపాటి రివాల్వరు తెచ్చింది, ధర లక్షా ఇరవై వేల పైచిలుకు. మన రక్షణ బరువుని తూచి మన బ్యాగులోనే పెట్టేశారని అప్పట్లో మిత్రులతో వాదించేదాన్ని. అందుకే నా కత్తి గురించి ఎవరడిగినా ఠక్కున “జామకాయకి” అనేదాన్ని. భయపడి కత్తి పెట్టుకున్న ఆడదానిగా కనిపించడం నాకు నామోషీ. ఆ జవాబు నిజమని నమ్మాను కూడా, పాడేరు వైపు ఒక కొండ దిగే వరకు.

డిసెంబరు నెల. మబ్బుల్ని చూడ్డానికి పట్నాలనుంచి జనం తెల్లవారకముందే కార్లలో వచ్చే రోజులు. నేనూ నా స్నేహితురాలూ ఆ గుంపు తప్పించుకుందామని కాఫీతోటల పక్కనుంచి వేరే కాలిదారిన దిగుతున్నాం. సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, ఇంకా విడని మంచు. నలుగురు మగపిల్లలు వెనకనుంచి వచ్చారు. మా విద్యార్థుల వయసే ఉంటుంది. చేతుల్లో సీసాలు. “ఆంటీ, ఇద్దరేనా?” అన్నాడొకడు. మేం ఆగితే ఆగుతున్నారు, నడిస్తే నడుస్తున్నారు. ఇంకొకడు ఫోను పైకెత్తి వీడియో తీస్తున్నాడు. దారి సన్నగా ఉంది. ఫోనులో సిగ్నల్ లేదు.

నా చెయ్యి నడుముమీదకి ఎప్పుడు వెళ్ళిందో తెలీదు. ఒర బొత్తాం ఊడిన చప్పుడు వినబడ్డాకే, తీసింది నేనేనని అర్థమైంది. వాళ్ళలో ఒకడు చూశాడు. “ఒరేయ్, ఆంటీ దగ్గర కత్తుందిరోయ్!” అని నవ్వాడు. ఆ నవ్వులో భయం లేదు, సరదా ఉంది. అప్పటిదాకా విసుగ్గా ఉన్న వాళ్ళ ఆటకి ఇప్పుడొక రుచి వచ్చింది.

ఆ క్షణంలో నా తలలోకి వచ్చినవన్నీ నిజాయితీగా చెప్పాలంటే, మొదటిది చట్టం కాదు. అత్యాచార ఉద్దేశంతో మీదికొచ్చినవాణ్ణి ఆత్మరక్షణలో చంపినా నేరం కాదని పాత శిక్షాస్మృతి 100వ సెక్షన్ చెప్పింది, 2024 జులై నుంచి అమల్లో ఉన్న న్యాయ సంహితలో అదే 38వ సెక్షన్. తరగతిలో పిల్లలకి చెప్పిన సంగతే. కానీ మీదికి రానివాడి సంగతేమిటి? నవ్వుతూ నాలుగడుగుల దూరంలో నడిచేవాడి సంగతేమిటి? అదీ కాదు నాకు తట్టింది. ఈ కత్తితో నేను ఎప్పుడూ పండునో కర్రనో తప్ప కోయలేదు. మనిషి ఒంట్లోకి అది ఎలా దిగుతుందో నా చేతికి తెలీదు. దాన్ని నా చేతిలోంచి లాక్కోడానికి ఎంతసేపు పడుతుంది? ముల్లూ అరిటాకూ సామెతని ఎన్ని వ్యాసాల్లో తిట్టిపోశానో, అది అప్పుడు గుర్తొచ్చింది. నాకు నామీదే ఒళ్ళు మండింది.

కత్తి తీయలేదు. మళ్ళీ బొత్తాం పెట్టేశాను. పరిగెత్తకుండా నడుస్తూనే ఉన్నాం. రెండు మలుపులు తిరిగాక తోటలోంచి ఒక ఆదివాసీ స్త్రీ దారిలోకి వచ్చింది. నెత్తిన కట్టెలమోపు. వెనక నడుముకి, చీర ముడిలో, నా కత్తికి మూడింతలున్న కత్తి. మమ్మల్ని చూసింది, వాళ్ళని చూసింది. తన భాషలో ఏదో అంది, మాకు అర్థం కాలేదు. దారిలో మమ్మల్ని ముందుకి పోనిచ్చి, మాకూ వాళ్ళకీ మధ్య నడవడం మొదలుపెట్టింది. తారురోడ్డు దాకా అలాగే నడిచింది. వాళ్ళు ఎక్కడ వెనకబడ్డారో మేం చూడలేదు. ఆమె ఒక్కసారి కూడా తన కత్తిమీద చెయ్యి వెయ్యలేదు. వాళ్ళు ఆగింది ఆ కత్తిని చూసా, పక్కనే ఆమె ఊరుందనా? ఇద్దరం బస్సులో చాలాసేపు దీని గురించే మాట్లాడుకున్నాం. చివర్లో నా స్నేహితురాలంది: “నువ్వు బొత్తాం తీసినప్పుడు నాకు వాళ్ళకంటే నిన్ను చూస్తేనే భయమేసింది.”

ఆ మాట ఇంకా నాలో ఉంది. ఆరునెలలు నేను ఏ కొండా ఎక్కలేదు. కత్తి బీరువాలో చీరలకింద పడి ఉంది. మళ్ళీ బయటికి తీసినప్పుడు, పోనీలే అని తీయలేదు, “జామకాయకి” అనడం మానేసి తీశాను. ఎవరన్నా అడిగితే, “చాలా వాటికి” అంటున్నాను. తర్వాతొకసారి నా స్నేహితురాలు వాగుదగ్గర నాచురాయి మీద జారి చీలమండ విరగ్గొట్టుకుంటే, వెదురు బద్దలు చీల్చి, ఆమె చున్నీని పేలికలు కోసి కట్టింది ఆ కత్తితోనే. (చున్నీ వల్ల మన జాతికి జరిగిన ఏకైక మేలు అదేనని, అంత నొప్పిలోనూ ఆమె జోకు.)

ఇంకొక్క సంగతి చెప్పాలి. నిరుడు ఒక అభయారణ్యానికి వెళ్ళాను. పేరు చెప్పను. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లోది. దాని 31వ సెక్షన్ ప్రకారం ముందస్తు అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలోకి వెళ్ళకూడదు. ఆయుధమంటే ఏమిటో చెప్పే జాబితాలో బాణాలు, ఉచ్చులు, వలలతోపాటు కత్తి కూడా పేరుపెట్టి ఉంది. వేటగాళ్ళకోసం రాసిన వాక్యం, తప్పుపట్టను. నా కత్తిని నేనే విప్పి చెక్‌పోస్టు బల్లమీద పెట్టాను. గార్డు ఒర తీసి, పదును చూసి, మెచ్చుకున్నాడు. “బాగుంది మేడమ్, ఫారిన్‌దా?” అని అడిగి, నా పేరు రాసి చీటీ ఇచ్చి, కత్తిని సొరుగులో పెట్టాడు. “మీలాంటివాళ్ళని ఆపడం మాకూ ఇష్టం ఉండదు మేడమ్” అన్నాడు.

నా వెనకే ఐదుగురు ఆడవాళ్ళు ఆకుల మోపులతో లోపలినుంచి వచ్చారు. “ఏయ్, ఆగు. నడుములో ఏంటది? ఇటియ్” అన్నాడు, అదే మనిషి, అదే నోటితో. ఇద్దరి దగ్గర కొడవళ్ళున్నాయి. “ఆకు కొయ్యాల కదా బాబూ” అని ఒకామె అంది. 2006 అటవీ హక్కుల చట్టం ఆ ఆకు మీద అడవిబిడ్డలకి హక్కు ఇచ్చింది, అభయారణ్యాలు కూడా అందులోకి వస్తాయి. మరి ఆకు దేంతో కోస్తారు, గోళ్ళతోనా? ఆ మాటే గార్డుతో అన్నాను. “మీకు తెలీదు మేడమ్, వీళ్ళని వదిలేస్తే అడవి మిగలదు” అన్నాడు. ఇంకాస్త గట్టిగా మాట్లాడితే ఆ ఆడవాళ్ళలో పెద్దామె నా చెయ్యి పట్టుకుని వద్దంది. “నువ్వు పోతావమ్మా. రేపు మళ్ళా మేం ఈడికే రావాల.” కొడవళ్ళు అక్కడే వదిలేసి వెళ్ళిపోయారు.

సాయంత్రం తిరిగొచ్చి చీటీ ఇచ్చాను. గార్డు సొరుగు తాళం తీసి నా కత్తిని జాగ్రత్తగా గుడ్డతో తుడిచి ఇచ్చాడు. గది మూల తలుపు వెనక కొడవళ్ళ కుప్ప ఉంది. కొన్నింటికి పిడులూడిపోయాయి. అడుగునున్నవి తుప్పుపట్టి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. పొద్దున్నటి రెండూ పైనే ఉన్నాయి, వాదరమీద ఆకుపసరు ఇంకా పచ్చగానే ఉంది. వీటికి చీటీలెక్కడ అని అడిగాను. అతను నేను హాస్యమాడుతున్నాననుకుని నవ్వాడు.