జహీరాబాద్: విత్తనం అమ్మని అంగడి

హైదరాబాదు నుంచి ముంబయి దారిలో వంద కిలోమీటర్లు దాటాక జహీరాబాద్ వస్తుంది. బస్సు కిటికీలోంచి చూసేవాళ్లకు కనిపించేవి ట్రాక్టర్ల ఫ్యాక్టరీ, చెరకు లారీలు, దాబాలు. కాసేపటికి కర్ణాటక సరిహద్దు. చాలామంది ఇక్కడ టీ తాగి పోతారు. రోడ్డు దిగి పస్తాపూర్ వైపో, మాచునూరు వైపో నాలుగు మైళ్లు లోపలికి వెళితే ఈ ప్రాంతం వేరేగా కనిపిస్తుంది.

చరిత్ర క్లుప్తంగా చెప్పుకుంటే సరిపోతుంది. నిజాం కాలంలో ఇది బీదర్ జిల్లాలోది. 1956లో మెదక్‌లో కలిసింది, 2016లో సంగారెడ్డి జిల్లాకు మారింది. తెలుగు, కన్నడ, ఉర్దూ మాట్లాడేవాళ్లు పక్కపక్క ఇళ్లలో ఉంటారు. ఎవరింట్లో అయినా పెనం మీద కాలేది జొన్నరొట్టే.

చెలక నేల, ఆడవాళ్ల సేద్యం

ఇక్కడ ఎర్ర చెలకలు ఎక్కువ. బావి ఉన్నవాళ్లు చెరకు, అల్లం, ఆలుగడ్డ వేస్తారు. పేదలకు, ముఖ్యంగా దళితులకు, దక్కింది రాళ్లు తేలిన రెండు మూడెకరాలు. వాటిని నమ్ముకుని బతకడం కష్టమని బీడు పెట్టేసి కూలికి పోయిన కుటుంబాలెన్నో.

1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. పేదవాడి కడుపు నింపిన పథకమే, కాదనలేం. కానీ కంచంలోకి బియ్యం వచ్చాక చేలో జొన్నకు చోటు తగ్గింది. అదే ఏడాది పస్తాపూర్ కేంద్రంగా డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పుట్టింది. పి.వి. సతీశ్, ఆయన మిత్రులు మొదలుపెట్టిన ఈ సంస్థ ఊరూరా దళిత మహిళలను సంఘాలుగా కూడగట్టింది. బీళ్లు దున్నడానికి అప్పిచ్చి, దాన్ని జొన్నల రూపంలో తిరిగి తీసుకుని, ఆ జొన్నలనే ఊళ్లోని నిరుపేదలకు చౌకగా పంచే ఏర్పాటు 1990లలో నడిచింది. ఎవరు నిరుపేదలో తేల్చింది ఆఫీసు కాదు, ఆ ఊరి ఆడవాళ్లే. చౌక దుకాణానికి ఇంతకంటే మంచి నమూనా నేను ఎక్కడా చూడలేదు.

గుల్లల్లో ఏముంది?

సంక్రాంతి వేళ మొదలయ్యే పాతపంటల జాతరలో నేను గింజలు దాచే గుల్లలను, అంటే బుట్టలను, మొదటిసారి చూశాను. ఈ జాతర రెండు దశాబ్దాలకు పైగా ఏటా జరుగుతోంది. అలంకరించిన ఎడ్లబండ్ల మీద గింజల గుల్లలు పేర్చి నెల రోజుల పాటు ఊరు మార్చి ఊరు తిరుగుతారు. ఊళ్లవాళ్లు డప్పులతో, పాటలతో ఎదురొస్తారు. పచ్చజొన్న, తెల్లజొన్న, ఒకే పొట్టులో రెండేసి గింజలుండే అత్తాకోడళ్ల జొన్న, సజ్జలు, కొర్రలు, తైదలు, సామలు, కందులు, అనుములు, బెబ్బర్లు, నువ్వులు, కుసుమలు, అవిసెలు. ఇవన్నీ వేర్వేరు చేలలోవి కూడా కావు. ఒకే ఎకరంలో 20 దాకా పంటలు కలిపి వేస్తారు. వాన ముందొచ్చినా వెనకొచ్చినా ఏదో ఒకటి చేతికొస్తుందన్న లెక్క అది.

ఈ సంఘాల ఆడవాళ్లు గింజలు అమ్ముతారు, పిండి అమ్ముతారు, పప్పు అమ్ముతారు. జహీరాబాద్‌లో సంఘాల దుకాణం నడిపారు, వ్యానులో హైదరాబాదు వీధులకూ సరుకు తెచ్చారు. మందులు వాడలేదని చెప్పడానికి బయటి కంపెనీ ముద్ర కోసం డబ్బు పోయలేదు. ఒకరి చేను ఒకరు తిరిగి చూసి ఇచ్చే హామీ పద్ధతి పెట్టుకున్నారు. అంగడికి వచ్చేది మాత్రం ఇంటి తిండికి, వచ్చే ఏటి విత్తుకు తీసిపెట్టాక మిగిలింది. మన మార్కెట్ లెక్కకు ఇది పూర్తిగా తలకిందులు.

విత్తనానికి వీళ్ల దగ్గర ధర లేదు. కావాలన్నవాళ్లకు కొలిచిస్తారు, పంట వచ్చాక వాళ్లు ఇంకాస్త ఎక్కువ కలిపి తిరిగి కొలుస్తారు. కంకి చేలో నిలబడి ఉండగానే విత్తుకు ఏది ఉంచాలో ఆడమనిషి చూసిపెట్టుకుంటుంది. ఎండబెట్టి, బూడిద, వేపాకు కలిపి, ఎర్రమట్టితో అలికిన గుల్లలో మూతపెడుతుంది. ఆ గుల్ల తెరిచే అధికారం ఇంటి మగవాడిది కాదు. విత్తనాల కంపెనీలు ప్యాకెట్ మీద గడువు తేదీ వేసే కాలంలో ఇది నాకు పెద్ద ఆస్తిగా కనిపించింది.

అమ్మకానికి రానిది మరొకటి ఉంది. కలుపులో మొలిచే తుమ్మికూర, పాయలకూర, దొగ్గలికూర, చెన్నంగి. మందు కొట్టిన చేలో ఇవి బతకవు. కలుపు తీసి కొంగులో వేసుకొస్తే రాత్రికి రొట్టెలోకి కూర.

రొట్టె సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. మసిలే నీళ్లు పోసి పిండి కలపాలి, చల్లారకముందే మర్దించాలి. పీట మీద అరచేత్తో తడుతూ తిప్పుతుంటే అంచు ఎక్కడా చిట్లకుండా పెద్దదవుతుంది. పెనం మీద వేసి పైన తడిచెయ్యి రాసి తిరగేస్తే నిప్పుల సెగకు పొంగుతుంది. పుంటికూరతో, నూరిన మిరం పెట్టుకుని తినాలి. అప్పడాలకర్రతో ఒత్తిన జొన్నరొట్టె నా దృష్టిలో రొట్టె కాదు. చిరుధాన్యాలు ఫ్యాషన్ కాకముందే ఈ తిండి మాత్రమే వడ్డించే కెఫే ఎత్నిక్ అనే హోటల్‌ను డక్కన్ సొసైటీ ఇదే పట్టణంలో తెరిచింది.

ఇంకా

మాచునూరులో 2008 అక్టోబరులో సంఘం రేడియో మొదలైంది, 90.4 ఎఫ్‌ఎంలో వస్తుంది. నడిపేది దళిత మహిళలే. 2019లో ఈ సంఘాలకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. సతీశ్ 2023 మార్చిలో కన్నుమూశారు. అది అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం.

చూడాలనుకునేవాళ్లకు దగ్గర్లోని ఝరాసంగంలో కేతకీ సంగమేశ్వరాలయం ఉంది. బీదర్ కోట దగ్గరే. హైదరాబాదు నుంచి వికారాబాద్ మీదుగా రైలు కూడా ఉంది.

వెళ్లేవాళ్లు జాతర రోజులు చూసుకుని వెళ్లండి, గింజలకు సంచి తీసుకెళ్లండి. విత్తనం కూడా కావాలనుకుంటే డబ్బు పనిచేయదు, మీ ఊరి విత్తనం గుప్పెడు పట్టుకెళ్లండి.