తాతగారి బీఎస్ఏ, నాన్న చేతి తిమ్మిరి

కాడుగోడిలో మా ఇంటికొచ్చిన వాళ్ళెవరైనా ముందు అడిగేది వరండాలోని బీఎస్ఏ ఎం20 గురించే. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం కోసం బర్మింగ్‌హామ్‌లో లక్షకు పైగా తయారైన బండి. 496 సీసీ, ఒకటే సిలిండరు. యుద్ధమయ్యాక తాతగారు కంటోన్మెంటు వైపు ఎవరి దగ్గరో కొన్నారట. దాని మీదే కోలారు పోయొచ్చేవారు.

మూడేళ్ళు పట్టి దాన్ని బాగుచేయించాం. మొదటిరోజే నాన్న హోస్కోటె దాకా వెళ్ళొచ్చారు. వచ్చాక కాఫీ గ్లాసు పట్టుకోలేకపోయారు. వేళ్ళన్నీ తిమ్మిరి. "బండిది కాదులేరా, వయసుది" అన్నారు. ఆయనకు 72. ఆ మాట మాకు గుచ్చుకుంది. అమ్మయితే "అమ్మేయండి, లేదా గోడకానించి దండ వేయండి" అనేసింది. చివరికి నాన్నే ఒకాయనకు కబురు పెట్టారు. వచ్చే నెల మొదటి ఆదివారం చూడ్డానికి వస్తానన్నాడు.

ఒంటి సిలిండరు ఇంజనంటే రోకలి లాంటిది. పిస్టన్ పైకీ కిందకీ పోతుంటే చుట్టూ అదరక తప్పదు. అందుకే ఫ్లైవీలుకు ఎదురువైపు కొంత బరువు ఉంచుతారు. పిస్టన్‌కి సరిసమానంగా పెడితే పైకీ కిందకీ ఉన్న అదురు పోయి ముందుకీ వెనక్కీ మొదలవుతుంది! కాబట్టి ఇంచుమించు సగానికే సరిపెడతారు. అంటే కొంత అదురు బండితో పుట్టిందే. మేం కలిపింది ఎంతన్నదే ప్రశ్న.

గ్రిప్పులు మార్చమని ఒకరూ, హ్యాండిల్‌లో సీసం పొయ్యమని ఒకరూ చెప్పారు. అవన్నీ జ్వరానికి తడిగుడ్డలు. ముందు ఇంజను బోల్టులకు స్పానరు వేసి చూశాం. దాదాపు ప్రతిదీ అర చుట్టు తిరిగింది. తప్పు మా రంగుదే. మురిపెంగా మందంగా కోటింగు వేయించాం కదా, ఫ్రేమూ ఇంజను ప్లేట్లూ ఆనుకునే చోట కూడా అదే పూత. బిగించిన కొద్దీ అది నలిగి బోల్టు వదులవుతోంది. అక్కడ ఇనుము కనిపించేదాకా గీకాం. రంధ్రాలకు సరిగ్గా సరిపోయే బోల్టులు వేసి బిగించాం. సగం తగ్గింది.

మిగతా సగం నాన్న టేబులు మీద దొరికింది. పాత పిస్టన్‌ని ఆయన పెన్నుల స్టాండుగా పెట్టుకున్నారు. సిలిండరు విప్పి, కొత్త పిస్టన్‌నీ దీన్నీ మా వీధి కిరాణా కొట్టు తక్కెడ మీద పెట్టాం. కొత్తది 46 గ్రాములు ఎక్కువ! వేరే బండి పిస్టన్‌ని కోయించి వేశారు. ఆ సంగతి మెకానిక్కు ముందే చెప్పాడు, "సరిపోతే చాలు" అన్నది మేమే. లేతు మీద లోపలివైపు తీయించి, తేలికపాటి గజన్ పిన్ను వేయించాం. అంచు మరీ పలచబడితే పగులుతుందని 30 గ్రాములు తగ్గించి ఆపేశాం.

నాన్నకు అప్పుడు ఇంకోటి గుర్తొచ్చింది. చిన్నప్పుడు ట్యాంకు మీద కూర్చుని చూసేవారట, ఎత్తు రాగానే తాతగారి ఎడమచేయి స్పార్కు లివరు కొంచెం వెనక్కి లాగేది. మేం దాన్ని పూర్తిగా ముందుకు తోసి వదిలేసి నడుపుతున్నాం.

ఇప్పుడూ అదురు ఉంది. 45 దాటితే బాగా తెలుస్తుంది, నాన్న దాటరు.

ఆదివారం ఆయన వచ్చాడు. బండి చుట్టూ రెండుసార్లు తిరిగి ధర అడిగాడు. నాన్న బదులివ్వకుండా లోపలికెళ్ళి, రెండు చేతుల్లో రెండు కాఫీ గ్లాసులతో వచ్చారు. సాసరులో చుక్క కూడా పడలేదు.