రైలు రాని స్టేషను

మా ఊరి పేరులోనే స్టేషను ఉన్నది. ములుగు వైపున కోటగుళ్ళున్న ఘన్‌పూర్ వేరు, మాది వేరు. మాది స్టేషన్ ఘన్‌పూర్. కాజీపేట నుండి సికింద్రాబాదు పోయే బండ్లు రాత్రింబగళ్ళు మా పొలాల ప్రక్కనుండే పోతుంటాయి. అటువంటి ఊరి పిల్లలు, వేసవిలో వి.బి.ఎస్. ముగింపు దినమున మమ్మును చుట్టుకొని, "అయ్యగారూ, ఫిలిం సిటీల రైల్వే స్టేషను ఉన్నదట, చూడపోదాం" అంటే మాకు నవ్వు ఆగలేదు.

సంఘ పెద్దలలో ఒకరు మాత్రము ఒప్పుకొనలేదు. "సినిమావాళ్ల ఊరికి సంఘమెందుకు పోవాలె?" అన్నారు. ఆయన మాటలో న్యాయము లేకపోలేదు. అయితే సినిమా ఇప్పుడు ప్రతి ఇంటిలోనికి, ప్రతి చేతిలోని ఫోనులోనికి వచ్చి కూర్చున్నది. అది ఎట్లా తయారవుతుందో పిల్లలు కన్నులారా చూస్తే దానిమీది భ్రమ కొంత తగ్గుతుందని మేము తలంచాము.

రామోజీరావుగారు 1996లో స్థాపించిన ఆ ఫిలిం సిటీ 1,666 ఎకరముల స్థలము. ప్రపంచములోకెల్ల పెద్ద స్టూడియోగా గిన్నిస్ పుస్తకములోనికి ఎక్కినది. ఆయన 2024 జూనులో మరణించారు. సందర్శకుల టికెట్టు ఇప్పుడు పెద్దలకు వెయ్యి రూపాయలు దాటినది. బస్సు కిరాయి, భోజనము కలిపి మేము లెక్క వేసి, ఆరాధన ముగియగానే వేదిక మీదనుండి ప్రకటించాము: "తలకు రెండు వేల రూపాయలు. వచ్చే ఆదివారములోగా ఇవ్వవలెను."

మా తప్పు అక్కడే జరిగినది.

ఆ బుధవారము గృహ ప్రార్థన కూటములో, ఒక సహోదరి కాళ్ళకు పట్టగొలుసులు లేవని మా శ్రీమతి గమనించింది. మెల్లగా అడిగితే సంగతి బయటపడింది. పిల్లలిద్దరూ ఏడుస్తుంటే చూడలేక వాటిని కుదువ పెట్టిందట. మరొక సహోదరుడైతే, ఆ వారము తన వదినెగారి ఊరిలో పని ఉన్నదనీ, రాలేమనీ చెప్పి పంపాడు. ఆ ఊరిలో పనేమీ లేదని మాకు తరువాత తెలిసినది. నాట్లకు ముందు పైసా ఆడని రోజులవి. గోపురము కట్టేవాని ఉపమానమును లూకా 14వ అధ్యాయము నుండి ఎన్నిమార్లు బోధించి ఉంటామో! లెక్క చూచుకొన్నాము గాని, అది మా లెక్క. వారి లెక్క చూడలేదు.

ఆ సహోదరి డబ్బు ఆ రాత్రే తిరిగి ఇచ్చివేశాము. ఆదివారము సంఘము ఎదుట మా తొందరపాటును ఒప్పుకొని, ప్రయాణమును జనవరికి మార్చాము. అప్పటికి పత్తి అమ్మిన డబ్బు చేతికి వస్తుంది, ఎండ కూడా ఉండదు. మందిరము వెనుక ఒక తాళము వేసిన డబ్బా పెట్టించాము. ఎవరి చేతనైనంత వారు వేయవచ్చును, పేరు వ్రాయరాదు. మొదట ఒప్పుకొనని ఆ పెద్దగారే తాళపుచెవి తమ దగ్గర ఉంచుకొంటామన్నారు.

ఈ లోగా ఇంకొక కోరిక పుట్టింది. మా గాయక బృందములో చక్కగా పాడే ఒక అమ్మాయి ఉన్నది. ఈటీవీలో 1996లో మొదలైన 'పాడుతా తీయగా'ను, దానిని నడిపించిన బాలసుబ్రహ్మణ్యంగారు 2020లో కన్నుమూసే వరకు, ఆ ఇంటివారు విడువక చూచారట. "టీవీ పాటల పోటీ రికార్డింగుల జనంలనన్న కూసుండబెట్టుండ్రి అయ్యగారూ" అని తల్లి బ్రతిమాలింది. విచారించాము. పాసు దొరకవలెను. తేదీ ముందుగా తేలదు. దొరికినా గంటల తరబడి కదలక కూర్చొని, చెయ్యి చూపినప్పుడెల్ల చప్పట్లు కొట్టవలెను. నలభైమంది పల్లెవారి ప్రయాణమును అటువంటి దాని చుట్టు కట్టడము కుదరదని చెప్పాము. ఆ తల్లి చిన్నబుచ్చుకొన్నది. ఇప్పటికీ పూర్తిగా మరువలేదు.

జనవరిలో ఒక శనివారము తెల్లవారుజామున ప్రార్థన చేసుకొని బయలుదేరాము. డబ్బాలోని సొమ్ముతో నలభైరెండు మందిమి. వెళ్ళదలచిన వారికి ఒక మాట: నగరములోనికి పోనవసరము లేదు. జనగామ, ఆలేరు, భువనగిరి దాటి ఘట్‌కేసర్ వద్ద ఔటర్ రింగు రోడ్డు ఎక్కి పెద్ద అంబర్‌పేటలో దిగితే విజయవాడ దారి తగులుతుంది. ఫిలిం సిటీ ఆ దారిలోనే. పులిహోర, పెరుగన్నము గేటు బయటనే ముగించాము.

లోపల వారి బస్సులలోనే త్రిప్పుతారు. లండను వీధి అన్నారు, రాజుల తోట అన్నారు. 'బాహుబలి' సెట్టు వద్ద పిల్లలను కదిలించడము మా తరము కాలేదు. కొన్ని ఇండ్లకు ముందు గోడ మాత్రమే ఉన్నది, వెనుకకు పోతే కర్రలు, ఇనుప గొట్టములు.

ఇక స్టేషను. ప్లాట్‌ఫారము, పెట్టె, బల్లలు, అన్నీ ఉన్నవి. కథకు తగినట్లు ఊరి పేరు బోర్డు మారుస్తారట. మా సంఘములో రైల్వే గ్యాంగ్‌మన్‌గా జీవితమంతా పనిచేసి విశ్రాంతి తీసికొన్న తాత ఒకరున్నారు. ఆయన గొంతుకు కూర్చొని పట్టా మీద వేలు రాచి చూచాడు. "బండి నడిచిన పట్టా అద్దమోలె మెరుస్తది. దీని మీద తుప్పున్నది" అన్నాడు. పిల్లలందరూ వంగి తడిమి చూచారు. గైడు చెప్పినదానికంటె తాత చెప్పినదే వారికి ఎక్కువ నచ్చినది.

సినిమా తీయుట చూపించే హాలులో, జనములో నుండి ఒకరిని పిలిచి గుర్రపు బండిలో కూర్చుండబెట్టారు. పిలిచినది ఎవరిని? పట్టగొలుసులు కుదువపెట్టిన మా సహోదరినే. బండి ఉన్నచోటనే ఉన్నది, మనుషులు ఊపుతున్నారు. మరొక హాలులో చూడవచ్చినవారి చేతనే చప్పుళ్ళు చేయించారు. చివరి హాలులో తెర మీద ఆమె 'షోలే' సినిమాలోని బసంతివలె దుమ్ము రేపుకొంటూ పోతున్నది! ఆమె కొంగు నోటికి అడ్డము పెట్టుకొని, "గుర్రమే లేకపాయె గద అమ్మగారూ!" అని మా శ్రీమతి భుజము మీద వాలి నవ్వింది. అంతగా నవ్వగా ఆమెను మేము ముందెన్నడు చూడలేదు. పెద్దగారు కూడ నవ్వారు, మేము చూచాము.

మరుసటి ఆదివారము లెక్క చదివి వినిపించాము. అన్ని ఖర్చులు పోగా మూడు వందల నలభై రూపాయలు మిగిలినవి. పెద్దగారు ఆ డబ్బు డబ్బాలోనే ఉంచి తిరిగి తాళము వేశారు. 1924లో ప్రతిష్ఠ జరిగిన మెదక్ దేవాలయమునకు వచ్చే జనవరిలో పోదామనీ, మెదకుకు 2022 నుండి రైలు కూడ నడుస్తున్నదనీ చెప్పారు. తాత వెంటనే తన పేరు మొదట వ్రాసుకొమ్మన్నాడు.