గాలం – ఎర – మా ఊరి చెరువు

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికల్లో చదువు గురించి, లక్ష్యం గురించి, క్రమశిక్షణ గురించి చాలామంది అన్నలు చక్కగా రాశారు. నేను చేపల గురించి రాస్తున్నాను. నవ్వుకున్నా ఫర్వాలేదు. ఆదివారం పొద్దున బకెట్లో బట్టలు వేసుకుని చెరువుకు పోయిన వాళ్ళందరికీ తెలుసు, అక్కడ సబ్బుకంటే ముందు జేబులోంచి గాలమే బయటికి వచ్చేదని. మనలో ఎక్కువమందిమి కూలి చేసుకునే ఇండ్ల నుంచి వచ్చినవాళ్ళం. పలక పట్టకముందే గాలం కర్ర పట్టినవాళ్ళం. ఆ చేతిపనిలో ఎంత చదువు ఉందో చెప్పాలనే ఈ నాలుగు మాటలు.

నాకు గాలం నేర్పింది మా పెద్దబాపు. సంతకం చేయడం కూడా రాదు, వేలిముద్రే. కాని చెరువు దగ్గరికి రాగానే మాట్లాడటం మానేసేవాడు. కట్ట మీద గొంతుకు కూర్చుని బీడీ ఒకటి అయిపోయేదాకా నీళ్ళనే చూసేవాడు. మాకు తొందర. గాలం ఎప్పుడు వేద్దామా అని కాళ్ళు నిలిచేవి కావు. అప్పుడు ఆయన అనే మాట ఒక్కటే. "చూసి ఎయ్యాలె బిడ్డా, ఏసి చూసుడు కాదు."

ఏం చూడాలి? మొదట నీళ్ళ రంగు. కొత్త నీరు వచ్చి చెరువు ఎర్రగా ఉంటే చేపకు కన్ను పనిచేయదు, వాసన, కదలిక పనిచేస్తాయి. అప్పుడు వానపాము, అంటే మనం ఎర్ర అంటామే, దానికి మించిన ఎర లేదు. నీళ్ళు తేరుకుని అడుగు కనిపిస్తుంటే చేప మన నీడను కూడా చూస్తుంది. అప్పుడు సన్న దారం, చిన్న గాలం, దూరంగా వేయడం. తర్వాత కలుపు. తుంగ, తామర, గుర్రపుడెక్క ఎక్కడెక్కడ ఉన్నాయి, వాటి మధ్య ఖాళీ ఎక్కడ ఉంది. ఆ తర్వాత బుడగలు. అడుగున బురద తవ్వే చేప వదిలే సన్న బుడగలు వేరు, గాలి పీల్చడానికి పైకి వచ్చిపోయే చేప చేసే సుడి వేరు.

ఎర ఎట్లా ఎంచుకోవాలో తెలియాలంటే చేప నోరు చూడమనేవాడు. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, అది పైనీళ్ళలో తింటుంది. రవ్వ నడిమి నీళ్ళలో తిరుగుతుంది. మోసు నోరు కిందికి ఉంటుంది, అది అడుగు బురదలో ఏరుకుంటుంది. ఈ మూడు చేపలను ఒకే చెరువులో కలిపి ఎందుకు పెంచుతారో ఇంటర్‌లో చదివినప్పుడు నాకు కొత్తగా అనిపించలేదు. ఒకదాని తిండికి ఇంకొకటి పోటీ రాదు. మా పెద్దబాపు అదే సంగతిని గాలానికి బెండు ఎంత ఎత్తున కట్టాలో చెబుతూ నేర్పాడు. మోసుకు ఎర నేల తాకాలి. రవ్వకు మనిషి నడుము లోతున ఆగాలి. బెండు కోసం దుకాణానికి పోయేది లేదు, ఎండిన జొన్న దంటు లోపలి బెండే. దారం మాత్రం కొనేవాళ్ళం, మా వైపు తంగూసు అంటారు. సీసం దొరక్కపోతే చిన్న ఇనుప నట్టు కట్టేవాళ్ళం.

రవ్వకు, మోసుకు పిండి ఎర. గోధుమపిండిలో తవుడు, పల్లీ చెక్క కలిపి గట్టిగా పిసికేవాళ్ళం. నీళ్ళలో వెంటనే కరగకూడదు, అట్లాగని రాయిలా ఉండకూడదు. జెల్లకు, మార్పుకు ఎర్రలు. తిలాపియా అయితే అన్నం మెతుక్కు కూడా వస్తుంది. కాని వీటన్నిటికీ లొంగని చేప ఒకటుంది. అదే కొర్రమీను, మా ఊళ్ళో కొర్రమట్ట అంటాం. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించింది దీన్నే. మృగశిర కార్తె నాడు హైదరాబాద్‌లో చేప ప్రసాదంలో మింగించేది కూడా ఈ కొర్రమీను పిల్లనే.

కొర్రమీను వేటగాడు. తిరిగి తిరిగి తినదు, కలుపు నీడలో కదలకుండా దాగి ఉండి దగ్గరికి వచ్చినదాన్ని ఒక్క దూకులో పట్టుకుంటుంది. కప్ప, మిడత, చిన్న పరక ఏదైనా సరే, ప్రాణంతో కదలాలి. పడి ఉన్నదాన్ని సాధారణంగా ముట్టదు. అందుకని దీనికి బెండు, సీసం రెండూ ఉండవు. పొడవాటి వెదురు కర్ర, గట్టి దారం, గాలానికి కప్పపిల్ల. తామరాకుల మధ్య ఖాళీలో దాన్ని నీటి మీద టప్, టప్‌మని తాకిస్తూ పోవాలి. కప్ప ఆకు మీది నుంచి నీళ్ళలోకి దూకినట్టు ఉండాలి. నీళ్ళు బద్దలైనట్టు చప్పుడు వచ్చి కప్ప మాయమవుతుంది. అప్పుడు వెంటనే గుంజితే ఒట్టి గాలమే చేతికి వస్తుంది. అది మింగేదాకా లోపల మూడు లెక్కపెట్టుకోవాలి. ఆ మూడు అంకెలు లెక్కపెట్టడం ఎంత కష్టమో గాలం వేసినవాడికే తెలుసు.

హాస్టల్‌లో నా పక్క పెట్టె మిత్రుడు ఒకడు ఇప్పుడు అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాడు. మొన్న ఊరికి వచ్చినప్పుడు నాకు ఒక రబ్బరు కప్ప తెచ్చిచ్చాడు. లోపల బోలుగా, మెత్తగా ఉంది. రెండు కొక్కేలు వీపుకు ఆనుకుని పైకి తిరిగి ఉన్నాయి. అందువల్ల కలుపులో చిక్కుకోదు, చేప నొక్కినప్పుడే కొక్కెం బయటపడుతుంది. అక్కడ బాస్ అనే చేప కోసం దీన్ని వాడతారట. పెద్ద నోరు, కలుపులో కాపు వేయడం, కప్పను చూస్తే ఆగకపోవడం, అన్నీ మన కొర్రమీను బుద్ధులే. ఆ చేప కోసం దుకాణాల్లో ప్లాస్టిక్ ఎర్రలు, చెక్క చేపలు, తళుకు రేకులు గోడల నిండా వేలాడుతుంటాయని చెప్పాడు. అంతేకాదు, గాలం వేయాలంటే అక్కడ లైసెన్సు తీసుకోవాలి, చాలామంది పట్టిన బాస్‌ను తిరిగి నీళ్ళలో వదిలేస్తారు.

ఈ బాస్ చేపకు సంబంధించిన ఒక సంగతి మన పిల్లలకు తప్పక చెప్పాలి. 1932 జూన్ 2న జార్జియా రాష్ట్రంలో జార్జ్ పెర్రీ అనే పేద రైతు కుర్రవాడు, వాన పడి దున్నడానికి వీలుకాని రోజున, ఒక మిత్రుడితో కలిసి మాంట్‌గొమరీ సరస్సుకు పోయాడు. అప్పుడు ఆ దేశంలో గొప్ప ఆర్థిక మాంద్యం. అతని దగ్గర ఎరల పెట్టె లేదు. ఉన్న ఒక్క చెక్క ఎరతో అతను పట్టిన బాస్ బరువు 22 పౌండ్ల 4 ఔన్సులు, అంటే 10 కిలోల పైమాట. అది ప్రపంచ రికార్డు. తూకం అయ్యాక ఇంటికి తీసుకుపోయి వండుకుని తిన్నారు. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనబు కురిటా అనే ఆయన ఒక ఔన్సు కూడా లేని తేడాతో అంతటి చేపనే పట్టాడు. అయితే నిబంధన ప్రకారం ఆ తేడా చాలలేదు కనుక రికార్డును ఇద్దరికీ సమానంగా పంచారు. 77 ఏళ్ళ పాటు ఎంత ఖరీదు సామాను వచ్చినా ఆ పేద పిల్లవాడి ఒక్క ఎరను ఎవరూ దాటలేదు. ఎర ధరను చేప చూడదు.

ఇక అసలు చెప్పవలసిన మాట. కొర్రమీను వానకాలంలో పిల్లలు పెడుతుంది. కలుపు మధ్య చోటు శుభ్రం చేసుకుంటుంది, గుడ్లు నీటిపైన తేలుతాయి. పిల్లలు ఎర్రగా గుంపు కట్టి తిరుగుతుంటే నీళ్ళ మీద కుంకుమ చల్లినట్టు ఉంటుంది. ఆ గుంపు కిందనే తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. అప్పుడు అక్కడ ఏ ఎర పడినా, కట్టెపుల్ల పడినా దూకి కరుస్తాయి. ఆకలికి కాదు, పిల్లల మీది భయానికి. చెరువులో ఎవరికైనా సులువుగా దొరికే కొర్రమీను అదే.

నేను పదో తరగతి పాసై ఇంటర్‌లో చేరవలసిన సంవత్సరం. జూలై నెల. బస్సు చార్జీలకు, పుస్తకాలకు డబ్బు కావాలి. ఇంట్లో నాట్ల కూలి తప్ప వేరే దారి లేదు. కొర్రమీనుకు అంగట్లో మిగతా చేపలకంటే రెండింతలకు పైగా ధర. పెద్దబాపు, నేను కట్ట చివరికి పోయేసరికి తామరల దగ్గర ఎర్రటి గుంపు తేలుతోంది. నీటి సుడిని బట్టి చూస్తే తల్లి చేప రెండు కిలోలు తప్పకుండా ఉంటుంది. నేను కర్ర ఎత్తి ఆయన మొఖం చూశాను. ఆయన నా చేతిలోని కర్ర మెల్లగా కిందికి దించి, "అది కొరికేది ఎరను కాదు బిడ్డా. దాన్ని పడితే ఆ పిల్లలను జెల్లలు, పాములు రేపటికి ఒక్కటి లేకుండ జేస్తయి. వచ్చే ఏడు నువ్వేం పడతవ్?" అన్నాడు. అక్కడి నుంచి లేచి తూము వైపు పోయాం. రెండు రోజులు పిండి ఎరతో రవ్వలు పట్టాం. అవి అమ్మగా వచ్చింది సగానికే సరిపోయింది. మిగతా సగం అమ్మ పొదుపు సంఘంలో అప్పు తెచ్చింది. పత్తి ఏరి తీర్చింది. ఆ పుస్తకాలతోనే నేను బైపీసీ చదివాను.

ఆ చదువులో ఒక రోజు జువాలజీ ల్యాబ్‌లో గాజు సీసాలో ఒక చేపను పెట్టి గుర్తించమన్నారు. పైన చీటీ లేదు. "కొర్రమీను సార్" అన్నాను. కొందరు నవ్వారు. సార్ నవ్వలేదు. "ఇది నీళ్ళలో ఉండి గాలి ఎందుకు పీలుస్తుంది?" అని అడిగారు. తల లోపల మొప్పల పైన గాలి పీల్చుకునే గది ఉంటుందనే మాట నాకు అప్పటికి తెలియదు. కాని ఎండాకాలం చెరువు ఇంకినా అది బురదలో బతుకుతుందని, గంప అడుగున తడిగడ్డి వేస్తే అంగడిదాకా ప్రాణంతో ఉంటుందని, పైకి రానీయకుండా వలలో నీళ్ళ కింద ఉంచితే నీళ్ళలోనే ఊపిరాడక చస్తుందని చెప్పాను. సార్ నన్ను ముందుకు పిలిచి అదే మాట క్లాసు మొత్తానికి మళ్ళీ చెప్పించారు. ఆ తర్వాత ఏ ఫారంలోనైనా హాబీ అని ఉంటే నేను గాలం వేయడం అనే రాస్తున్నాను. మన ఇండ్లలో మనకు తెలిసినదాన్ని చెప్పుకోవడానికి సిగ్గుపడే పని లేదు.

ఇప్పుడు చెరువులు మారాయి. తెలంగాణలో 46 వేలకు పైగా చెరువులు, కుంటలు ఉన్నాయి. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చాలా చెరువుల పూడిక తీశారు. 2016 నుంచి ప్రభుత్వం బొచ్చె, రవ్వ వంటి చేపపిల్లలను ఉచితంగా వదలడంతో సొసైటీల వాళ్ళకు పని దొరికింది. మంచిదే. కాని వదిలేవాళ్ళు లేని చేపలు చెరువును నమ్ముకునే ఉండాలి. కొర్రమీను, మట్టగిడస, మార్పు, పరక ఇవన్నీ అట్లాంటివే. కరెంటు తీగ వేసి, మందు కలిపి పట్టేవాళ్ళు పిల్లను, తల్లిని, గుడ్డును ఒక్కసారే తుడిచిపెడుతున్నారు. గాలం అట్లా కాదు. ఒకసారికి ఒక చేప. వద్దనుకుంటే వదిలేయవచ్చు కూడా. ఎరకు నిజమైన కప్పలు కూడా ఇక వద్దు. బోదురు కప్పకు వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. పొలంలో పురుగులను తినేవి అవే. ఎర్రలు చాలు, లేదంటే పాత రబ్బరు చెప్పు ముక్కను కప్పలా కోసి చూడండి. మా అన్న కొడుకు అట్లా చేసిన కప్పతో కిలోన్నర కొర్రమీను పట్టాడు.

తమ్ముళ్ళూ, ఇంకొక జాగ్రత్త. మట్టి తవ్విన చెరువుల్లో అడుగు ముందులా మెల్లగా లోతు కాదు. రెండడుగులు వేసేసరికి నిలువెత్తు గుంత ఉంటుంది. గాలం చిక్కుకుంటే దారం తెంపేయండి, దిగకండి. గాలం రెండు రూపాయలకు దొరుకుతుంది. వార్డెన్ సారుకు చెప్పి, ఇద్దరు ముగ్గురు కలిసి, కట్ట మీదనే కూర్చోండి.

చివరగా ఒక కోరిక. దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ తాతనో పెద్దబాపునో అడిగి, మీ ఊరి చెరువులో ఏయే చేపలు ఉండేవో, వాటిని మీ ఊళ్ళో ఏ పేరుతో పిలుస్తారో, దేనికి ఏ ఎర వేసేవారో ఒక పేజీ రాసుకురండి. అన్ని ఊళ్ళవీ కలిపి వచ్చే సంచికలో వేద్దాం. జూలైలో ఎర్రటి పిల్లల గుంపు ఎక్కడ కనిపించిందో కూడా రాయండి, గాలం మాత్రం అక్కడ వేయకండి.